ఏడి పాలు

మాయత్త దేముడమ్మ నోటికి మా ఊల్లో అందరూ జడిసేవోరు. జడవనోళ్ళం ఇద్దరమే, నానూ మా మేకా. మేకకైనా కూసింత బుద్ధుండేది, ఆవిడ కర్ర తీస్తే పక్కకి తప్పుకునేది. నాకు ఆపాటి బుద్ధి కూడా నేదు. ఆవిడ ఒకటంటే నాను రెండనేదాన్ని. అలాటిదాన్ని ఆ ఎండాకాలం ఆవిడ సెప్పిన ఒక్క మాటకి కట్టుబడిపోయి, పనిలో నిలవనేక, ఇంట్లో కూకోనేక, కాలు కాలిన పిల్లిలాగ తిరిగేను.

అరవై ఎనిమిదో సంవత్సరం. గజపతినగరానికి ఈవల మా ఊరు, ఊరికి కోసెడు దూరంలో నార మిల్లు. పెళ్ళికి ముందు నుంచీ ఆ మిల్లులో నాను గోనెసంచులు కుట్టేదాన్ని. పిల్ల పుట్టినాక సెలవిచ్చేరు. ఉగాది ఎళ్ళగానే రమ్మన్నారు, రాకపోతే నీ సోట్లో ఇంకొకర్తి కూకుంటాది అన్నారు. మా మావ లక్ష్ముడు, అంటే నా పెనిమిటి, మెట్ట సేను నమ్ముకున్నోడు. వానల్లేక ఆ సేను మాకు సోళ్ళు కూడా పెట్టడం మానేసినాది. మిల్లు పని పోతే ఇంటిల్లిపాదీ గంజికి ఎతుక్కోవాల.

ఆ ఏడే మిల్లులో పిల్లల గది తెరిసేరు. ఎవరో ఆపీసరు వచ్చి, ఇంతమంది ఆడోళ్ళు పనిసేస్తంటే సంటిపిల్లలకి సోటేదీ అని అడిగేడట. పాత సామాన్ల కొట్టు ఒకటి కాళీ సేసి, దూలాలకి సీరలు కట్టి ఉయ్యాల్లు ఏసేరు. మా ఊరి సిన్నతల్లిని ఆయాగా పెట్టేరు. డబ్బా పాలపిండి తెప్పించేరు. సంటి తల్లులు పొద్దెక్కినాక ఒకసారి, మద్దేనం కూడు తిన్నాక ఒకసారి ఎళ్ళి పాలిచ్చుకోవచ్చు. మేస్త్రీ ఈల ఊదేడంటే మటుకు లేసి వచ్చేయాల.

ఆ కబురు తెచ్చి నాను ఇంట్లో సెప్పీసరికి మాయత్త సోళ్ళు సెరుగుతన్నాది. సేట ఆపనేదు.

"పిల్లని మిల్లుకి తీసుకెళ్తావేటి?"

"తీసుకెళ్తాను."

"ఆ నార దుమ్ములోకి. ఆ ఎండలోకి. ఇంటికాడ నానున్నాను, మేకున్నాది. మేకపాలు పడతాను. నీ పెనిమిటి అలాగే బతికేడు."

"అందుకేటి ఏటి సెప్పినా మేకలాగ తలూపుతాడు," అన్నాను. "నాకు పాలు నేవేటత్తా? ఒంటి నిండా పాలెట్టుకొని పిల్లకి మేకపాలు ఏల?"

సేట ఆగినాది. నాకేసి అలా సూసినాది. తిడతాదనుకున్నాను, తిట్టనేదు.

"అలాగైతే పిల్ల నెత్తి మీద సెయ్యేసి సెప్పు. ఏడి పాలు పట్టనని సెప్పు."

ఏడి పాలంటే మా వైపు ఆడోళ్ళందరికీ తెలుసు. ఎండన పడొచ్చిన తల్లికి రొమ్ములోనే పాలు కాగిపోతాయంట, ఏసంగిలో ఉట్టి మీద పాలు విరిగినట్టు విరిగిపోతాయంట. ఆ పాలు తాగిన పిల్ల ఒళ్ళు కాలి పోతాదంట. అందుకని ఎండలోంచి వచ్చిన తల్లి నీడన కూకోవాల, కాళ్ళు కడుక్కోవాల, సెమట ఆరీదాకా ఆగాల. ఆగినాక మొదటి పాలు గోడకి పిండెయ్యాల. నేల మీద పిండకూడదు, సీమలు తింటే పాలు ఎండిపోతాయి. రొమ్ము మెత్తబడి సల్లపాలు దిగేయని తెలిసినాకే పిల్లని పట్టాల. మాయమ్మ అలాగే సేసినాది, మా అమ్మమ్మా అలాగే సేసినాది. కాకపోతే ఆళ్ళెవరికీ మేస్త్రీ ఈల ఊదనేదు.

అదేం పెద్ద పని అనిపించనేదు నాకప్పుడు. పిల్ల నెత్తి మీద సెయ్యేసి, "పైడితల్లి సాచ్చిగా ఏడి పాలు పట్టను," అన్నాను.

"పడితే?"

"పడితే నాకు పిల్ల దక్కదు. సాలా?"

ఒళ్ళు మండి అన్నాను. అన్నాక నాలిక కరుసుకున్నాను. మాయత్త సేట మళ్ళా అందుకున్నాది.

సంచులు కుట్టే షెడ్డు మీద రేకులు. పొద్దెక్కితే ఆ రేకుల కింద కూకోవడం పెనం కింద కూకున్నట్టే. ఆడోళ్ళం వరసన కూకొని దబ్బనాలతో గోనెలు కుట్టేవోళ్ళం. ముక్కు నిండా నార దుమ్ము, ఒంటి నిండా నారకి రాసే నూనె కంపు. షెడ్డుకీ పిల్లల గదికీ మద్దిన పెద్ద ఆవరణ, అందులో సెట్టూ నేదు సేమా నేదు. గాలి ఇటు తిరిగితే పిల్లల ఏడుపు ఇనిపించేది. ఏ పిల్ల ఏడ్సినా నా పాలు సేపుకొచ్చేసి, రవిక తడిసి, పైట తడిసి, ఒళ్ళో గోనె తడిసేది. నా పిల్లదో కాదో తెలీని ఏడుపుకి కూడా నా ఒళ్ళు ఆగేది కాదు. దబ్బనం ఏల్లో దిగేది.

నా పక్కన లక్ష్మణమ్మ కూకునేది. సముద్రం ఒడ్డు మనిషి, సేపలమ్ముకునే ఇంట్లో పుట్టినాది, పెనిమిటి మిల్లులో సేరేడని ఇటొచ్చినాది. పిల్లల్ని కని పెంచేసినాది గనక ఆవిడకి ఈల గొడవ నేదు. నా తడిసిన పైట సూసి, "ఎళ్ళవే, ఎళ్ళు. పాల ముంత పగిలినట్టున్నావు," అనేది.

మొదటి రోజు మేస్త్రీ నరసింగరావు తలూపగానే ఆవరణలో ఎండన పడి పరిగెట్టేను. పిల్లల గదిలో మా అమ్మడు గుక్కపట్టి ఏడుస్తన్నాది. నన్ను సూసి సేతులు జాపినాది. ఎత్తుకోబోతే సిన్నతల్లి అడ్డం వచ్చినాది.

"కాళ్ళు కడుక్కున్నావేటి? మీయత్త నాకు అప్పసెప్పినాది. నాను సూస్తాను మరి."

కాళ్ళు కడుక్కున్నాను. గోడ నీడన కూకున్నాను. సెమట ఆరదే. పైటతో ఇసురుకుంటన్నాను, సెమట కారతానే ఉన్నాది. లోపల పిల్ల ఏడుపు, దానికి తగ్గట్టు నా రొమ్ములు రాళ్ళయిపోయి నొప్పి. కూసింత ఆరినాదనిపించగానే ఆ గది ఎనక ఇటికల గోడకి పిండేను. పాలు జర్రుమని గోడ మీద పడి, కిందకి జారి, సూస్తండగానే ఎండిపోనాయి. రొమ్ము మెత్తబడీదాకా పిండి, గబగబా ఎళ్ళి పిల్లని పట్టేను. నాలుగు గుక్కలు మింగినాదో నేదో, ఆవరణలో ఈల. నోట్లోంచి లాగేస్తే ఎవరికైనా కోపమే కదా. సిన్నతల్లి పిల్లని అందుకొని డబ్బా పాలు కలపడానికి ఎళ్ళినాది.

అలాగే రోజూ. మద్దేనం ఎండలో అయితే ఇంకా అధ్వాన్నం. సాయంత్రం కోసెడు దూరం ఎండన నడిసి ఇంటికెళ్తే మాయత్త అరుగు మీద సెంబుతో నీళ్ళెట్టుకొని సిద్ధంగా ఉండేది. అక్కడా కాళ్ళు కడుక్కోడం, ఆరబెట్టుకోడం, గోడకి పిండడం. నా పాలు పిల్ల కంటే గోడలే ఎక్కువ తాగేయి.

లక్ష్మణమ్మ ఒకరోజు మంచినీళ్ళకని వచ్చి నాను పిండుతంటే సూసినాది.

"ఏటే గురమ్మా, మిల్లు గోడకి సున్నం ఏయడానికి నిన్ను పెట్టేరేటి?"

"నవ్వకు. ఏడి పాలు."

"మా ఆడోళ్ళు నడినెత్తిన ఎండెట్టుకొని ఇసక మీద కూకొని సేపలమ్ముతారు. ఒళ్ళో పిల్లడు రొమ్ము వదల్డు. ఏడి పాలకి సస్తే మా వాడలో ఒక్క పురుగు మిగలకూడదు."

"మీరు గంగమ్మ బిడ్డలు. మీకు పడతాది."

"పాలకి కులమేటే?" అన్నాది. నవ్వనేదు ఈసారి. "నీ పిల్ల సిక్కిపోతన్నాది, సూసుకున్నావా?"

సూసుకోకేం. పిల్ల తొడల మీద మడతలు పోనాయి. డబ్బా పాలకి ఇరేసనాలు పట్టుకున్నాయి. దానికితోడు నా పాలు కూడా తగ్గుతన్నాయి. ఇదివరకు ఏడుపు ఇంటే సేపుకొచ్చేవి, ఇప్పుడు పిల్ల నోట్లో పెట్టుకొని లాగినా బేగి రావు. రెండు గుక్కలు లాగి, రాక, ఎనక్కి ఇరుసుకొని నా మొకం మీద గుద్దేది. దాని కోపం నాకు తెలుసు, అది నా కోపమే. అయినా ఒట్టు ఏసింది దాని నెత్తి మీద. మాయత్త తిట్లకి జడవను గాని ఆ మాటకి జడిసేను.

ఒక సందేళ మా మావ ఎద్దుకి గడ్డేస్తంటే ఎనకెళ్ళి నిలబడ్డాను.

"మావా, మీయమ్మకి ఓ మాట సెప్పు. ఈ గోడకి పిండడాలు నావల్ల కాదు. పిల్లకి దక్కాల్సినవన్నీ గోడకే పోతన్నాయి."

"నానేటి సెప్పను?"

"నోరున్నాదా నీకు? మేకపాలు తాగి నోరు ఆ మేకకే ఇచ్చేసేవా?"

ఆడికి కోపం రాదు. అదే నాకు మంట. గడ్డి కట్ట కింద పెట్టి ఎద్దు మెడ నిమురుతా నిలబడ్డాడు.

"నాకు ముందు ఒకడుండేవోడు," అన్నాడు.

"ఎవడు?"

"మాయన్న. నీకు ఎవరూ సెప్పి ఉండరు. ఈ ఇంట్లో ఆ ఊసెత్తరు. నువ్వులసేను కోతకి ఎళ్తా అమ్మ ఆడ్ని సంకనేసుకెళ్ళినాదట. తాటిసెట్టు నీడన గుడ్డ పరిసి తొంగోబెట్టి కోతకి దిగినాదట. మద్దేనం దాకా ఒంగిన నడుం ఎత్తనేదట. ఆడు ఏడుస్తన్నాడని పరిగెట్టి వచ్చి, ఆ సెమటతోనే రొమ్మిచ్చినాదట. సందేళకి ఆడి ఒళ్ళు కాలిపోనాది. దీపాలెట్టీసరికి పోనాడు."

కట్టలోంచి ఇంకో పిడికెడు గడ్డి తీసి ఎద్దుకి అందించేడు.

"మా నాయనమ్మ ఆ సవం పక్కనే అన్నాదట, ఏడి పాలిచ్చి సంపుకున్నావే అని. నాను పుట్టేక అమ్మ నాకు రొమ్మివ్వనేదు. ఎండున్నా నేకున్నా ఇవ్వనేదు. మేకపాలే."

ఎద్దు గడ్డి నములుతన్నాది. ఆ సప్పుడు ఇంటా నిలబడ్డాను. నా బుర్రలో మటుకు ఇంకోటి తిరుగుతన్నాది.

"మావా, తాటిసెట్టు నీడ ఏపాటిది? పొద్దుట పరిసిన గుడ్డ మీద మద్దేనం దాకా ఆ నీడ ఉంటాదేటి?"

ఆడు నా మొకంలోకి సూసేడు. ఆ సంగతి ఆడు ఎప్పుడో అనుకున్నాడని అప్పుడు నాకు తెలిసినాది.

"ఆ మాట అమ్మ కాడ ఎప్పుడూ అనకు," అన్నాడు.

దాంతో నా పరిస్తితి ఇంకా పాడయిపోనాది. ఇదివరకు మాయత్త మీద కోపమైనా ఉండేది, ఇప్పుడు అదీ నేదు. కోపం ఉన్నంతకాలం మనిషికి ఊతం. ఆవిడ సెంబుతో నీళ్ళిస్తే మారుమాట నేకుండా కాళ్ళు కడుక్కునేదాన్ని. నాను నోరు మూసుకోడం సూసి ఆవిడకే అనుమానం వచ్చి, "ఒంట్లో బాగానేదేటే?" అని అడిగినాది.

రోహిణి కార్తె వచ్చినాది. రోళ్ళు పగిలే ఎండలు. పిల్లకి ఏడవడానికి కూడా ఓపిక తగ్గినాది. ఉయ్యాల్లో కళ్ళు తెరిసి ఊరికే దూలంకేసి సూసేది. ఏడ్సినన్నాళ్ళు ఏడుస్తన్నాదని గింజుకున్నాను, ఏడుపు మానేసరికి ఒక్కసారి ఏడిస్తే సాలనిపించినాది.

"రేపటి నుంచి పిల్ల నాకాడే ఉంటాది," అన్నాది మాయత్త ఆ సాయంత్రం. గట్టిగా అననేదు. "నీ పాలు అయిపోనాయి గురమ్మా. మిల్లు తినేసినాది. మేకపాలు పడతాను, బతుకుతాది."

"మేకపాలకి ఇరేసనాలు కట్టవు. ఈ ఎండల్లో మేక కూడా పావుసేరు ఇవ్వడం నేదు."

"అయితే నువ్వు మిల్లు మానెయ్యి."

"మానేసి? అందరం కలిసి ఏటి తాగుదాం, మేకపాలేనా?"

మా మావ తలొంచుకొని అంబలి తాగుతన్నాడు. నాకు ఏడుపొచ్చినాది. పిల్లని ఎత్తుకొని పెరట్లోకి ఎళ్ళిపోనాను. మర్నాడు ఇంకా ఎలుగు రాకముందే, ఆవిడ మేక కాడికెళ్ళిన సమయం సూసి, పిల్లని సంకనేసుకొని మిల్లుకి బయలుదేరేను. దొంగలాగ నా పిల్లని నానే ఎత్తుకుపోనాను.

ఆ రోజు పొద్దుట నుంచే వడగాలి. మద్దేనం మేస్త్రీ తలూపగానే ఆవరణలోకి దిగేను. నేల సెప్పుల్నేని కాళ్ళని కాల్సేస్తన్నాది. పిల్లల గది గుమ్మంలో మాయత్త కూకొని ఉన్నాది.

ఆ ఎండలో కోసెడు దూరం నడిసొచ్చినాది. మొకం కందిపోయి, పెదాలు తెల్లగా ఎండిపోనాయి. ఒళ్ళో మా అమ్మడు. పక్కన ఇత్తడి సెంబు, దాని మూతికి తడిగుడ్డ కట్టి ఉన్నాది. సిన్నతల్లి ఇసనకర్రతో ఇసురుతన్నాది.

"పిల్లని తీసుకెళ్ళిపోడానికి వచ్చేవా?" అన్నాను.

"దొంగసాటుగా తెచ్చిందానివి, నువ్వు అడగకు." గొంతు పిడసకట్టుకుపోనాది ఆవిడకి. "ముందు దీనికి పాలు పట్టనీ. పొద్దుట పితికినవి, తడిగుడ్డ కట్టి తెచ్చేను."

గుడ్డ ఇప్పి, సిన్నతల్లి ఇచ్చిన గిన్నెలోకి ఒంపినాది. పాలు రానేదు. ఏరుగా నీళ్ళు, ఏరుగా ముక్కలు. విరిగిపోనాయి. గిన్నెకేసి సూస్తా అలాగే ఉండిపోనాది.

"సూసేవా," అన్నాది. "ఇత్తడిలో ఉన్నవే ఇలాగయిపోనాయి. నీ ఒంట్లోవి ఇంకెలాగ ఉంటాయి?"

నాను కాళ్ళు కడుక్కొని ఎనక గోడ కాడికి ఎళ్ళేను. సెమట ఆరీదాకా ఆగే ఓపిక నాకు నేదు. రవిక ఇప్పి గోడకి పిండుతన్నాను. ఒట్టు ఒట్టే కదా.

మాయత్త పిల్లనెత్తుకొని నా ఎనకే వచ్చినాది. నాతో ఏదో అనబోయి గోడకేసి సూసి ఆగిపోనాది. ఎర్రిటికల గోడ. నా బుజాల ఎత్తు నుంచి నేల దాకా తెల్లగా సారలు. ఉగాది ఎళ్ళిన కాడ్నుంచీ రోజూ పిండిన పాలు, ఒకదాని మీద ఒకటి ఎండిపోయి, పెచ్చులు కట్టి. ఇంటికాడ మాది మట్టిగోడ, తాగేస్తాది, కనపడదు. ఇక్కడ ఇటిక మీద అంతా ఉండిపోనాది.

"ఇవన్నీ నీయేనా?" అన్నాది.

"ఇంకెవరియి?"

"ఇన్నా?"

నాను పిండుతానే ఉన్నాను. పిల్ల వాసన పట్టి నాకేసి తల తిప్పినాది. నోరు తెరిసినాది గాని ఏడుపు బయటికి రానేదు.

"ఆగు," అన్నాది మాయత్త. సెయ్యి సాపినాది. "ఇందులో పిండు."

ఆవిడ సేతిలో పిండేను. దోసిలి కాదు, ఒక్క అరిసెయ్యి. పనిసేసి బండబారిపోయిన సెయ్యి. ఆ సెయ్యి ఎండలో పెట్టుకొని సూసినాది. వాసన సూసినాది. సెయ్యి వంచి, పాలు అటూ ఇటూ పారించి, ముక్కలేమైనా ఉన్నాయా అని సూసినాది. అప్పుడు నాలిక తగిలించినాది. నాకెందుకో సిగ్గేసి మొకం తిప్పుకున్నాను.

మళ్ళా నాకినాది, ఈసారి అంతా.

"విరగనేదు," అన్నాది.

కాళీ అయిపోయిన అరిసెయ్యి నాకు సూపించినాది.

"తియ్యగా ఉన్నాయి గురమ్మా. ఇంత ఎండలో కూడా విరగనేదు."

"అత్తా, ఒట్టేసేను."

"ఏయించింది నాను. ఒట్టు తీసి గట్టు మీదెట్టు." పిల్లని నా ఒళ్ళోకి తోసేసినాది. "ఇయ్యి. బేగి ఇయ్యి."

సెమట కారతానే ఉన్నాది. ఒంటి నిండా నార దుమ్ము. అలాగే గోడకి జారబడి కూకొని పిల్లని పట్టేను. మొదట్లో రెండుసార్లు లాగి వదిలేసినాది. మాయత్త నా ముందు నేల మీద గొంతుక్కూకొని పిల్ల నోటికేసే సూస్తన్నాది. మూడోసారికి పాలు సేపుకొచ్చేయి. అన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాయో మరి. పిల్ల గుటకేసిన సప్పుడు మా ఇద్దరికీ ఇనిపించినాది.

ఈల ఊదేరు. నాను లేవబోతే మాయత్త నా బుజం మీద సెయ్యేసి కూకోబెట్టేసినాది. నరసింగరావు మేస్త్రీ మూల తిరిగి వచ్చేడు, ఈల ఇంకా నోట్లోనే ఉన్నాది. ఆవిడ లేసి ఆడికి ఎదురెళ్ళి నిలబడ్డాది.

"ఒరే నాయినా, నీకూ ఓ తల్లి పాలిచ్చే ఉంటాది. ఆ ఈల జేబులో ఎట్టుకో."

"ముసల్దానా, ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చేరు?"

"నాను దేముడమ్మని. ఆ పిల్ల కడుపు నిండీదాకా ఇక్కడే ఉంటాను. నిండినాక దాని తల్లి నీ గోనెలన్నీ కుడతాది. అంతవరకూ ఎండలో నిలబడతావో, నీడకి పోతావో, నీ ఇష్టం."

మా ఊరు ఎరుగును, మా మేక ఎరుగును ఆ గొంతు. మేస్త్రీకి అది కొత్త. ఈల జేబులో ఎట్టుకొని నీడకి పోనాడు. రెండో రొమ్ము కూడా కాళీ అయినాకే నాను లేసేను. షెడ్డులోకి ఎళ్తే లక్ష్మణమ్మ నా మొకం సూసి, ఏటీ అడక్కుండా, నా గోనెలు కొన్ని తనే కుట్టి నా వైపు తోసినాది.

ఆ రోజు తరువాత నాను ఏ గోడకీ పాలు పిండనేదు. మా అమ్మడు పరిగెట్టి వచ్చి తానే పైట లాగీదాకా నా పాలే తాగినాది, ఆ పిల్లల గదిలోనే. డబ్బా పాలు మానేసరికి కడుపు సద్దుకొని, వానలు పడీసరికి తొడల మీద మడతలు మళ్ళా వచ్చేయి. అదంతా తరువాత సంగతి.

ఆ సాయంత్రం మిల్లు ఇడిసినాక ఇంటికి బయలుదేరేం. మాయత్త మద్దేనం నుంచీ పిల్లల గదిలోనే కూకున్నాది, నాకోసం. ఎండ ఇంకా తగ్గనేదు, ఏటవాలుగా మొకాన కొడతన్నాది. పిల్ల నా సంకన నిద్దరోతన్నాది, నోటి పక్కన పాల సార. ఆవిడ నాకంటే నాలుగడుగులు ముందు నడుస్తన్నాది. నాకు నవ్వుతూ మాటాడాలని ఉన్నాది, మేస్త్రీ ఊసెత్తి ఆవిడ్ని ఆట పట్టించాలని ఉన్నాది. కాని ఆవిడ నడక సూస్తే నోరు రానేదు.

సేల గట్టు మీదకి వచ్చినాక ఆగినాది. ఎనక్కి తిరగనేదు.

"ఏడి పాలు విరగవు కదే," అన్నాది. "నానే నాకి సూసేను కదా."

"విరగవత్తా."

"మరైతే నా పెద్ద గుంటడు దేనికి పోనాడే, గురమ్మా?"

గట్టు పక్కన తాటిసెట్లు. ఆటి నీడలు సన్నగా, పొడుగ్గా, మాకు దూరంగా సేను మద్దిన పడి ఉన్నాయి. నా నాలిక సివర మాట ఉన్నాది. నా నోరు నాకెప్పుడూ మాట ఇననేదు. ఆ ఒక్కసారి ఇన్నాది.

"ఆ ఏడు సుట్టుపక్కల ఊళ్ళల్లో అమ్మోరు తిరిగినాదంట కదత్తా," అన్నాను. "మాయమ్మ సెప్పేది. సంటిపిల్లలు సాలామంది పోనారంట. అదే అయ్యుంటాది."

"పొక్కులు నేవే ఆడికి."

"పొక్కు పైకి రాకముందే ఎళ్ళిపోయిన పిల్లలున్నారంట."

మాయత్త ముక్కు సీదుకున్నాది. కొంగుతో మొకం తుడుసుకున్నాది.

"అయ్యుంటాది," అన్నాది.

అప్పుడు నా దగ్గిరకొచ్చి, "ఇలాగియ్యి," అని పిల్లని తీసుకున్నాది. ఎండ పడకుండా తన పైట పిల్ల మొకం మీదకి లాగినాది. గట్టు ఒక మలుపు తిరిగితే ఎండ అటేపు నుంచి వచ్చినాది. పిల్లని ఈ సంక నుంచి ఆ సంకకి మార్సి, పైట అటు సరిసేసినాది. ఇంకో మలుపులో మళ్ళా ఇటు. ఇంటిదాకా ఎండ ఎటు తిరిగితే అటు పైట తిప్పుకుంటా, నీడ పిల్ల మొకం మీంచి కదలకుండా నడిసినాది.